నొప్పి లేకుండానే కదిలిపోయే పళ్లు

పోయిన సంచికలో చిగుళ్ల గురించి నాలుగు మాటలు రాసి, సందేహాలుంటే పంపమన్నాను. వచ్చిన ఉత్తరాల కట్ట చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒంగోలులో చిగుళ్ల వైద్యం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. నా దగ్గరికి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే చెప్పే మాటే దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఉంది: ‘నొప్పేమీ లేదండీ, కానీ...’. ఆ ‘కానీ’ తర్వాత రాసిందే అసలు సంగతి. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు చాలదు. ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచుకున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. బడిలో పాఠాలు చెబుతాను. రెండేళ్లుగా పళ్లు తోముకుంటుంటే నురగలో నెత్తురు కనిపిస్తోంది. నొప్పి లేదు. నెత్తురు వచ్చే చోట బ్రష్ తగలకుండా జాగ్రత్త పడుతున్నాను. డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయించుకుందామంటే మా అత్తగారు వద్దంటున్నారు. ఆవిడ చెల్లెలికి క్లీనింగ్ అయ్యాకే పళ్లు కదిలాయట, సందులు పడ్డాయట. నిజమేనా? — ఒక ఉపాధ్యాయిని, తెనాలి

అమ్మా, మీ తరగతిలో ఒక పిల్లాడికి వరసగా రెండు రోజులు ముక్కులోంచి నెత్తురొస్తే వాళ్లమ్మను పిలిపించి డాక్టరుకు చూపించమని చెప్పేది మీరే కదా. మీ నోట్లోంచి రెండేళ్లుగా వస్తుంటే ఊరుకున్నారు. తప్పు మీది కాదు. చిగుళ్లలోంచి నెత్తురు రావడం మామూలే అని మన ఇళ్లలో అందరూ నమ్ముతారు. మామూలు కాదు. ఆరోగ్యంగా ఉన్న చిగురుకు మెత్తటి బ్రష్ తగిలితే నెత్తురు రాదు.

ఎందుకొస్తుందో చెబుతాను. పన్నూ చిగురూ కలిసే అంచున రోజూ మెత్తటి పాచి పేరుకుంటుంది. అది అన్నం మెతుకుల మిగులు కాదు, సూక్ష్మజీవులు కట్టుకున్న గూడు. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం అక్కడికి నెత్తురు ఎక్కువగా పంపుతుంది. చిగురు ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, లోపలి పొర పలచబడుతుంది. బ్రష్ తగలగానే నెత్తురు చిమ్మేది అందుకే. అంటే గాయం చేసింది బ్రష్ కాదు, పాచి. మీరు ఆ చోటును తప్పించి తోముతున్నారు కనుక పాచి అక్కడే ఇంకా పెరుగుతోంది, వాపూ పెరుగుతోంది.

1965లో హరాల్డ్ లోయె అనే పరిశోధకుడు డెన్మార్క్‌లో ఒక ప్రయోగం చేశాడు. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం మానేయమన్నాడు. పది రోజుల నుంచి ఇరవై ఒక్క రోజుల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం రోజుల్లోనే తగ్గిపోయాయి. విద్యార్థిగా ఈ ప్రయోగం గురించి చదివిన రోజు నుంచి దీన్ని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఎందుకంటే ఇందులో గొప్ప ధైర్యం ఉంది. వ్యాధి చిగురు దగ్గరే ఆగి ఉంటే అది పూర్తిగా వెనక్కి వెళుతుంది.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. చూసింది నిజమే, చెప్పుకున్న కారణం వేరు. తోమకుండా వదిలేసిన పాచిలో ఒకటి రెండు రోజుల్లోనే లాలాజలంలోని సున్నపు లవణాలు దిగి గట్టిపడడం మొదలవుతుంది. రెండు వారాలయ్యేసరికి బ్రష్‌కు లొంగనంత రాయి అవుతుంది. గోడకు పూసే గార పేరే దీనికీ పెట్టారు మన పెద్దలు, సరిగ్గా సరిపోయింది. ఏళ్ల తరబడి గార చిగురు కిందికి దిగుతుంటే పన్నును పట్టుకున్న ఎముక కరుగుతూ పోతుంది. ఎముక పోయినా పన్ను వెంటనే కదలదు, గారే పక్క పళ్లతో కలిపి అతికించి నిలబెడుతుంది. సందుల్ని కూడా అదే పూడ్చేస్తుంది. ఆ స్థితిలో గార తీస్తే ఏమవుతుంది? అప్పటికే ఉన్న సందు బయటపడుతుంది, అప్పటికే ఉన్న కదలిక తెలుస్తుంది. వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది కనుక పన్ను పొడవైనట్టు కూడా అనిపిస్తుంది. పాపం, నింద మాత్రం క్లీనింగ్ మీద పడుతుంది.

క్లీనింగ్‌కు వాడే పరికరం కొన సెకనుకు సుమారు 25 వేల సార్లు కంపిస్తుంది. ఆ కంపనానికి గార పగిలి ఊడుతుంది, పక్కనే నీళ్లు చిమ్ముతూ చల్లబరుస్తుంటాయి. సరిగ్గా వాడితే పంటి మీది పింగాణీ పొరకు దెబ్బ తగలదు. తర్వాత వారం, రెండు వారాల పాటు చల్లని నీళ్లకు జివ్వుమనవచ్చు. అది తగ్గిపోతుంది.

మీరు ఈ రాత్రి నుంచే చేయాల్సింది: మెత్తటి బ్రష్ తీసుకుని, దాని కుచ్చు సగం చిగురు మీద, సగం పన్ను మీద ఆనేలా ఏటవాలుగా పెట్టి, ఉన్నచోటే చిన్నగా కదిలిస్తూ రెండేసి పళ్లు చొప్పున ముందుకు జరగండి. నెత్తురొస్తే ఆగకండి. గట్టిగా రుద్దకండి, కానీ తప్పించకండి. పై గార తీయించుకున్నాక రెండు వారాలు ఇలా చేసి, నురగ రంగు చూసి నాకు రాయండి.

ప్రశ్న: వయసు 56. పదకొండేళ్లుగా సుగర్ ఉంది. మూడు నెలల సుగర్ పరీక్ష 9.2 వచ్చింది. కింది ముందు పళ్లు నాలుగు కదులుతున్నాయి, దవడ పళ్ల దగ్గర నొక్కితే చీము వస్తోంది. నొప్పి లేదు. ఈ బాధ ఎందుకు, అన్నీ తీయించేసి ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే కృత్రిమ పళ్లు) పెట్టించుకుందామని ఉంది. ఇంకో సందేహం, పై పళ్లు తీస్తే చూపు తగ్గుతుందంటారు, నిజమా? — ఒక పాఠకుడు, కరీంనగర్

చూపు సంగతి ముందు తీసేద్దాం. పై పన్ను తీయించుకుంటే కళ్లకు ఏమీ కాదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. పళ్లు పోయే వయసూ, శుక్లాలు వచ్చే వయసూ ఒకటే కావడంతో పుట్టిన నమ్మకం ఇది.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరం చదువుతుంటే మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన 53 ఏళ్లకే కట్టుడు పళ్లు పెట్టుకున్నారు. ఒక్క పన్ను కూడా పుచ్చలేదు. తెల్లగా, నిండుగా ఉన్న పళ్లు ఒక్కొక్కటే కదిలి, కొన్ని ఆయన చేత్తోనే తీసేసుకునేంత వదులై పోయాయి. ఇంట్లో అందరం వయసు వల్ల అనుకున్నాం. ఆయనకు సుగర్ ఉందని తెలిసింది పళ్లన్నీ పోయిన రెండేళ్లకు. నేను ఈ శాఖ ఎంచుకోవడానికి అదే కారణం.

సుగర్ అదుపులో లేనప్పుడు సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల కణాల శక్తి తగ్గుతుంది, గాయం మానదు, ఎముక త్వరగా కరుగుతుంది. పైన చెప్పిన లోయెనే 1993లో చిగుళ్ల వ్యాధిని మధుమేహం తెచ్చే ఆరో ముప్పుగా లెక్కగట్టాడు. కళ్లు, మూత్రపిండాలు, నరాల గురించి మీ డాక్టరు చెప్పే ఉంటారు. చిగుళ్ల గురించి ఎవరైనా చెప్పారా? రెండో వైపు ఇంకా ముఖ్యమైనది. చిగుళ్లలో ఏళ్ల తరబడి రగిలే వాపు ఇన్సులిన్ పనికి అడ్డు పడి సుగర్‌ను పెంచుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స చేయించుకున్నవారిలో మూడు నాలుగు నెలలకు, మీరు రాసిన ఆ మూడు నెలల సుగర్ పరీక్ష అంకె సగటున 0.4 దాకా తగ్గుతోందని పరిశోధనలు చూపిస్తున్నాయి. చిన్న అంకెలా ఉంటుంది, కానీ ఒక మాత్ర అదనంగా వేసుకున్నప్పుడు దొరికే లాభానికి దగ్గరగా ఉంటుంది.

అన్నీ తీయించాలని ఇప్పుడే నిర్ణయించుకోకండి. ముందు కొలతలు తీయించండి. చిగుళ్ల డాక్టరు సన్నటి కొలత పుల్లతో ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల లోతు చూస్తారు. మూడు మిల్లీమీటర్ల లోపుంటే బాగున్నట్టు. నాలుగూ ఆపైన ఉంటే చిగురు పన్నును వదిలి సంచిలా తెరుచుకున్నట్టు. మేము దాన్ని పాకెట్ అంటాం. ఆరు, ఏడు మిల్లీమీటర్ల పాకెట్‌లో మీ బ్రష్ ఏమీ చేయలేదు. చీము వచ్చేది అక్కడి నుంచే. నొప్పి ఎందుకు లేదంటే, పాకెట్ పైకి తెరిచి ఉంటుంది కాబట్టి చీము బయటికి వచ్చేస్తూ లోపల ఒత్తిడి పెరగదు. నొప్పి లేకపోవడం మీ అదృష్టం కాదు, ఈ వ్యాధి స్వభావం.

తర్వాత మత్తు ఇచ్చి చిగురు కింద, వేరు మీద ఉన్న గారను నున్నగా తీస్తారు. ఇది మామూలు క్లీనింగ్ కంటే లోతైన పని, రెండు మూడు సార్లు వెళ్లాల్సి రావచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ కొలుస్తారు. చాలా పాకెట్లు అప్పటికే తగ్గుతాయి. తగ్గని చోట మాత్రమే ఫ్లాప్ ఆపరేషన్, అంటే చిగురును తెరిచి, కంటితో చూస్తూ శుభ్రం చేసి కుట్టడం. ఎముక బావిలా లోతుగా కరిగిన చోట ఎముక పొడి వేసి కొంత తిరిగి తెప్పించవచ్చు. అంతటా సమానంగా కిందికి దిగిపోయిన ఎముకను తిరిగి తెప్పించడం సాధారణంగా కుదరదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే చికిత్స. కదిలే ముందు పళ్లను సన్నటి తీగతో కలిపి కట్టవచ్చు. పన్ను పక్కలకే కాకుండా కిందికీ పైకీ కూడా ఊగుతుంటే దాన్ని తీయాల్సిందే. అలాంటివి మీకు ఒకటో రెండో ఉండవచ్చు, అన్నీ కావు.

ఇంప్లాంట్‌కు పుచ్చు రాదు, చిగుళ్ల వ్యాధి లాంటిదే వస్తుంది. అవే సూక్ష్మజీవులు, అదే ఎముక కరగడం. సుగర్ 9 పైన ఉండగా, చీము కారే నోట్లో పెట్టించుకుంటే లక్షల రూపాయలు పోసి పాత కథనే మళ్లీ మొదలుపెట్టినట్టు. ముందు సుగర్, తర్వాత చిగుళ్లు, ఆ తర్వాత మిగిలిన ఖాళీలు. ఖర్చు గురించి బెంగ ఉంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చిగుళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. నేను పని నేర్చుకుంది అక్కడే. ఆంధ్రలో ఉన్నవారికి విజయవాడలో, కడపలో ప్రభుత్వ కళాశాలలున్నాయి.

ప్రశ్న: క్లీనింగ్ ఎందుకు, యాంటీబయాటిక్ కోర్సు వాడితే సరిపోదా? మందుల షాపులో అడిగితే ఐదు రోజులకు ఇచ్చారు, నెత్తురు తగ్గింది, నెలకే మళ్లీ వచ్చింది. పుక్కిలించే మందు రోజూ వాడవచ్చా? — ఒక పాఠకుడు, అనంతపురం

మళ్లీ వస్తుంది. పాచి జిగురు పొర లాంటిది, మందు దాని పైభాగాన్నే తాకుతుంది. ఇది కొత్త సంగతి కూడా కాదు. సూక్ష్మజీవులను మొదట చూసినవారిలో ఒకరైన హాలండ్ దేశస్థుడు లీవెన్‌హుక్ 1683లో తన పళ్ల సందుల్లోని తెల్లటి పాచిని గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. కదిలే జీవులు కనిపించాయి. వెనిగర్‌తో నోరు కడుక్కుని చూస్తే, పాచి ముద్ద పైన ఉన్నవే చచ్చాయనీ లోపలివి చావలేదనీ రాసుకున్నాడు. మూడు వందల నలభై ఏళ్ల కిందటి ఆ పరిశీలన ఇప్పటికీ అంతే నిజం. గూడును గీకి తీయాలి, ఇంకో దారి లేదు. యాంటీబయాటిక్ కొన్ని తీవ్రమైన సందర్భాల్లో క్లీనింగ్‌తో పాటు ఇస్తాం, దానికి బదులుగా కాదు.

క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మంచి మందే. రెండు వారాలకు మించి సొంతంగా వాడకండి, పళ్లకు గోధుమ రంగు పడుతుంది, నాలుక రుచి మారుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే వాడినా దాని పని తగ్గిపోతుంది, అరగంట ఆగండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే వాపు ఉన్న చిగుళ్లకు హాయిగా ఉంటుంది. అది ఉపశమనం మాత్రమే.

ప్రశ్న: వేప పుల్ల, కచ్చిక, ఉప్పు, బొగ్గు పొడి. మా తాతలు ఇవే వాడారు, పళ్లు రాళ్లలా ఉండేవి. ఈ పేస్టులే చిగుళ్లను పాడు చేస్తున్నాయి కదా? — ఒక రైతు, నంద్యాల

అయ్యా, వేప పుల్ల మంచిదే. కొసను బాగా నమిలి కుచ్చులా చేసి వాడితే బయటి వైపు బాగా శుభ్రమవుతుంది. పళ్ల లోపలి వైపు, దవడ పళ్ల వెనక మాత్రం చేరదు, గార ఎక్కువగా పట్టేది కింది ముందు పళ్ల లోపలి వైపే. ఆ ఒక్క చోటుకైనా బ్రష్ పెట్టండి. కచ్చిక, ఇటుక పొడి, బొగ్గు పొడి, రాతి ఉప్పు వేసి వేలితో రుద్దడం మానండి. ఇవి చిగురు అంచున పన్నును కోసేస్తాయి. గొడ్డలితో నరికినట్టు గాటు పడ్డ పళ్లను నేను వారానికి ఒకసారైనా చూస్తాను. పళ్లు రాళ్లలా ఉన్న తాతలే మనకు గుర్తుంటారు, అరవైకే బోసి నోటితో మెత్తటి జావ తాగి బతికిన తాతలు కూడా ఆ ఊళ్లోనే ఉండేవారు.

ప్రశ్న: నాకు ఐదో నెల. చిగుళ్లు ఎర్రగా ఉబ్బాయి, ముందు పళ్ల మధ్య బఠాణీ గింజంత ఎర్రటి బొడిపె లేచింది, ముట్టుకుంటే నెత్తురే. పుట్టింటివాళ్లు కాన్పు అయ్యేదాకా పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొద్దంటున్నారు. — భీమవరం

వెళ్లవచ్చమ్మా, ఇప్పుడే వెళ్లాలి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పళ్ల పనికి అనువైన కాలం, మీరు అందులోనే ఉన్నారు. గర్భిణికి పెరిగే హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు ఎక్కువగా ఉబ్బుతాయి. ఆ బొడిపె క్యాన్సర్ కాదు, చాలామందికి కాన్పు తర్వాత దానంతటదే చిన్నదవుతుంది. పైపైన గార తీయించుకోవడం వల్ల బిడ్డకు హాని లేదు. నెల తప్పిన సంగతి మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి, కొన్ని మందులు ఇవ్వకూడదు. వాంతి అయిన వెంటనే తోముకోకండి. చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించి, అరగంట తర్వాత తోముకోండి.

ప్రశ్న: రక్తపోటుకు రెండేళ్లుగా ఆమ్లోడిపిన్ వాడుతున్నాను. చిగుళ్లు పెరిగి ముందు పళ్లను సగం కప్పేశాయి. నవ్వాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను. మాత్ర ఆపేయనా? — ఒక పాఠకురాలు, ఖమ్మం

ఆపకండి. ఒక్క రోజు కూడా సొంతంగా ఆపకండి, పక్షవాతం చిగుళ్ల కంటే పెద్ద ప్రమాదం. అయితే మీ అనుమానం సరైనదే. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ జాతి మాత్రలు, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, మూత్రపిండం మార్చుకున్నవారికి ఇచ్చే సైక్లోస్పోరిన్ వాడేవారిలో కొందరికి చిగుళ్లు ఇలా పెరుగుతాయి. మొదట రెండు పళ్ల మధ్య ముక్కోణపు చిగురు లావెక్కుతుంది, తర్వాత పక్కలకు పాకుతుంది. పాచి ఎక్కువ ఉన్న నోట్లో ఇది మరీ ఎక్కువ.

ఈ ఉత్తరం ముక్కనే మీ రక్తపోటు డాక్టరుకు చూపించండి. వేరే రకం మాత్రకు మార్చే వీలుంటే వారు మారుస్తారు. ఈలోగా చిగుళ్ల డాక్టరు దగ్గర శుభ్రం చేయించుకోండి. మందు మారి, పాచి పోతే కొన్ని నెలల్లో చాలా వరకు తగ్గుతుంది. మిగిలిన దాన్ని మత్తు ఇచ్చి కోసి సరిచేస్తాం, చిన్న పని. మీలాగే చెయ్యి అడ్డం పెట్టుకుని మా గదిలోకి వచ్చిన ఒకావిడ, ఆరు నెలల తర్వాత కూతురి పెళ్లి ఫోటోలు తెచ్చి చూపించింది. అన్నిట్లోనూ నవ్వుతూనే ఉంది.

ప్రశ్న: మా అమ్మకు 60 ఏళ్లు. శ్రీకాకుళం జిల్లా తీరంలో మా ఊరు. ముప్ఫై ఏళ్లుగా అడ్డపొగ తాగుతుంది. చిగుళ్ల నుంచి ఎప్పుడూ నెత్తురు రాలేదు కాబట్టి తన పళ్లు గట్టివే అంటుంది. కానీ రెండు దవడ పళ్లు కదులుతున్నాయి. — విశాఖలో ఉద్యోగం చేస్తున్న కొడుకు

ఈ ఉత్తరానికి నేను అందరికంటే ముందు జవాబు రాసుకున్నాను.

తెలియనివారి కోసం: అడ్డపొగ అంటే చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని పీల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లలో ఎక్కువ. ఉద్యోగం తొలి రోజుల్లో టెక్కలి, పలాస వైపు దంత శిబిరాలకు వెళ్లినప్పుడు చూశాను. పంటి నొప్పికి మొదలుపెట్టి మానలేకపోయామని నాతో చెప్పినవాళ్లున్నారు.

బాబూ, నెత్తురు రాకపోవడం మీ అమ్మగారి చిగుళ్ల గట్టిదనం కాదు. పొగాకు చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది. లోపల ఎముక కరుగుతున్నా పైకి ఎరుపు కనిపించదు, నెత్తురు రాదు. మిగతా అందరికీ దొరికే తొలి హెచ్చరిక పొగ తాగేవాళ్లకు దొరకదు. చికిత్స చేసినా చిగురు మానడం ఆలస్యమవుతుంది.

పళ్ల కంటే ముందు ఇంకో పని చేయండి. ఈ ఆదివారం ఊరికి వెళ్లి, అమ్మను వెలుతురులో కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చమని, ఫోను లైటు వేసి అంగిలి చూడండి. నిప్పు సెగ తగిలేది అక్కడే. తెల్లటి మచ్చలు, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు, గడ్డ, పుండు, ఏది కనిపించినా ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నోట్లో రెండు వారాలకు మానని పుండు ఏదైనా సరే క్యాన్సర్ కాదని తేల్చుకునే దాకా ఊరుకోకూడదు. మాన్పించడానికి తిట్టకండి. 1800112356 ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు, పొగాకు మానాలనుకునేవారికి దారి చెబుతారు. మీరు పక్కన కూర్చుని ఫోను కలిపి ఇవ్వండి.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు, ఇంజనీరింగ్ చదువుతున్నాను. రోజుకు రెండుసార్లు తోముకుంటాను, పళ్ల మీద గార కూడా లేదు. అయినా పై ముందు పళ్ల మధ్య ఏడాదిగా సందు పెరుగుతోంది, దవడ పళ్లు కొంచెం కదులుతున్నాయి. మా రూమ్మేట్ సరిగ్గా తోముకోదు, ఆమెకు ఏమీ లేదు. — ఒక విద్యార్థిని, వరంగల్

తల్లీ, ఇది అన్యాయంగా అనిపిస్తుందని తెలుసు. అందరి శరీరాలూ ఈ వ్యాధికి ఒకేలా లొంగవు. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగవాళ్లను లోయె బృందమే 1970 నుంచి పదిహేనేళ్లు గమనించింది. వాళ్లకు బ్రష్ అలవాటు లేదు, దంతవైద్యమూ లేదు. అందరి నోళ్లలోనూ పాచీ గారా ఉన్నాయి. అయినా నూటికి ఎనిమిది మందికి వ్యాధి వేగంగా ముదిరింది, ఎనభై ఒక్క మందికి నెమ్మదిగా, పదకొండు మందికి చిగుళ్ల వాపు దాటి ముందుకే పోలేదు. మీ రూమ్మేట్ ఆ పదకొండు మందిలో ఒకరు కావచ్చు. మీరు మొదటి ఎనిమిది మందిలో ఉన్నారేమో ఇప్పుడే తేల్చాలి.

చిన్న వయసులో, గార పెద్దగా లేకుండానే, ముందు పళ్లూ మొదటి దవడ పళ్లూ ఎంచుకుని ఎముక కరిగించే రకం ఒకటుంది. కుటుంబాల్లో నడుస్తుంది. అమ్మానాన్నలను, తోబుట్టువులను కూడా పరీక్ష చేయించుకోమనండి. ముందు పళ్ల సందు చూసి ఎవరైనా తీగలు కట్టించుకోమంటే ఆగండి. చిగుళ్ల వ్యాధి అదుపులోకి రాకుండా పళ్లను జరిపితే ఉన్న ఎముక కూడా పోతుంది. ఎక్స్‌రే, కొలతలు, సుగర్ పరీక్ష, రక్త పరీక్ష చేయించండి. లోతైన క్లీనింగ్‌తో పాటు యాంటీబయాటిక్ నిజంగా ఉపయోగపడే సందర్భాల్లో ఇది ఒకటి. త్వరగా పట్టుకుంటే ఈ రకం బాగా లొంగుతుంది, ఈ వయసు చిగుళ్లు మానే తీరు చూస్తే నాకే ఆశ్చర్యం వేస్తుంది. సెమిస్టర్ పరీక్షల తర్వాత అని వాయిదా వేయకండి.

ఇక్కడే అందరికీ ఒక హెచ్చరిక. నిన్నటిదాకా బాగున్న చిగుళ్లలోంచి ఉన్నట్టుండి నెత్తురు కారుతూ, జ్వరం గానీ, ఒంటి మీద ఎర్రటి చుక్కలు గానీ, విపరీతమైన నీరసం గానీ ఉంటే పళ్ల డాక్టరు దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లి రక్త కణాల పరీక్ష చేయించండి. డెంగీ కావచ్చు, అరుదుగా రక్త క్యాన్సర్ కావచ్చు.

ప్రశ్న: పళ్ల మీద గోధుమ రంగు చారలు. రెండుసార్లు క్లీనింగ్ చేయించినా పోలేదు. డబ్బు దండగైంది. — కనిగిరి

అది గార కాదు, నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చిన మచ్చ. మీ కనిగిరి ప్రాంతం నాటి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడు, 1937లోనే వైద్యులు ఈ వ్యాధిని గుర్తించి రాశారు. చిన్నప్పుడు పన్ను తయారవుతుండగానే లోపల పడిన రంగు కాబట్టి గీకితే పోదు. తెల్లబరిచే పద్ధతులు, పై పూత వేరే ఉన్నాయి. మూడోసారి క్లీనింగ్ చేయించకండి. ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లు తాగే నీళ్లు ముందు మార్చండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. నాన్నగారికి 79, గుంటూరులో అమ్మతో ఉంటారు. పార్కిన్సన్స్ వల్ల చేతులు వణుకుతాయి. ఇంకా ఇరవై రెండు పళ్లున్నాయి, కానీ నోరు వాసన, చిగుళ్ల వాపు. అమ్మకు 72, ఆవిడ ఎలా చేయగలరు? వచ్చే నెల నేను మూడు వారాలకు వస్తున్నాను. — ఒక కూతురు

79 ఏళ్లకు ఇరవై రెండు పళ్లంటే ఎంతో నిలబెట్టుకున్నారు. వాటిని కాపాడదాం.

మీరు వచ్చిన మొదటి వారంలోనే గార తీయించండి. గుండెకు, రక్తం పలచబడడానికి మాత్రలు వాడుతుంటే చీటీ వెంట తీసుకెళ్లండి, సొంతంగా ఏదీ ఆపకండి. పార్కిన్సన్స్ మాత్ర వేసుకున్న గంట, గంటన్నరకు వణుకు తక్కువగా ఉంటుంది, డాక్టరు దగ్గరికి ఆ వేళకు చేరేలా బయలుదేరండి. వెల్లకిలా పూర్తిగా పడుకోబెట్టవద్దని, నీళ్లు గొంతులోకి పోతాయని చెప్పండి.

ఆయన చేతికి బ్యాటరీ బ్రష్ ఇవ్వండి. దాని పిడి లావుగా ఉంటుంది కనుక పట్టు దొరుకుతుంది, కదలిక అదే చూసుకుంటుంది. పళ్ల సందులకు గుండుసూదులు, అగ్గిపుల్లలు ఇంట్లో కనిపిస్తే తీసేసి, సందుల్లో దూర్చే చిన్న బ్రష్‌లు కొనండి. ఏ సందుకు ఏ సైజో డాక్టరుతో పెట్టించి చూడండి, రంగును బట్టి గుర్తుంటుంది.

పొద్దున ఆయన్ను తోముకోనివ్వండి, ఆ పని ఆయన చేతిలోనే ఉండాలి. రాత్రి మాత్రం అమ్మ చేయాలి. ఎదురుగా నిలబడితే ఆవిడకు నడుం నొప్పి, ఆయనకు బెదురు. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మను వెనక నిలబడమనండి. ఆయన తల ఆవిడ పొట్టకు ఆనుకునేలా కొంచెం వాల్చి, ఎడమ చేత్తో గడ్డం పట్టుకుని, కుడి చేత్తో తోమాలి. పేస్టు శనగ గింజంత చాలు, నురగ ఎక్కువైతే పొలమారుతుంది. ముందు కింది పళ్ల లోపలి వైపు, అలసిపోకముందే ఆ చోటు అయిపోవాలి. మొదటి వారం మీరు చేసి చూపించండి, రెండో వారం అమ్మ చేస్తుంటే పక్కన ఉండండి, మూడో వారం గది బయట కూర్చోండి. నెత్తురు వస్తే అమ్మ భయపడి మానేస్తుంది. పది రోజుల్లో తగ్గుతుందని ముందే చెప్పి ఉంచండి.